మూడూళ్ళ టిష్యూ

ప్రొద్దుటూరు మెయిన్ బజార్లో ఏ బట్టల అంగడికైనా పోయి టిష్యూ చూపించమనండి. అంగట్లో పిల్లోడు మారు మాట్లాడకుండా జరీ తళతళలాడే చీర ఒకటి మడత విప్పి పరుస్తాడు. పట్టు పడుగులోకి జరీని పేకగా కొట్టి నేసిన చీర అది. లేతగా, గాజులాగా, అవతలి చెయ్యి ఇవతలికి కనిపించేలా ఉంటుంది. బస్సెక్కి పులివెందుల పోయి, లింగాల వైపు తోటల్లో అదే మాట అని చూడండి. "ఎన్ని మొక్కలు కావాలన్నా? జీ-నైనేనా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. అక్కడ టిష్యూ అంటే అరటి మొక్క. జమ్మలమడుగులో ఈ మాట నా చెవిన పడింది ఆసుపత్రి వరండాలో. పక్క బెంచీ మీది పెద్దమ్మ ఎవరితోనో చెబుతోంది: "గడ్డలోంచి టిష్యూ తీసినారంట నాయనా, కడపకు పంపినారు, ఎల్లుండి చెప్తారంట."

చీర, అరటి మొక్క, గడ్డ ముక్క. ఒక్క జిల్లాలోని మూడు ఊళ్ళు ఒక్క మాటను మూడు రకాలుగా వాడుకుంటున్నాయి. హోటల్లో చేతులు తుడుచుకునే కాగితాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. దాని పేరు కూడా బట్ట పేరు నుంచి జారిపడిందే కానీ, అందులో చూడదగ్గ పనితనం ఏమీ లేదు.

ఈ మూడింటిలో పాత అర్థం ఎవరి దగ్గరుందంటే, డాక్టరు దగ్గర కాదు, చీర పరిచిన పిల్లోడి దగ్గర. ఫ్రెంచి భాషలో తిస్యూ అంటే నేసినది. మధ్యయుగాల ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను బంగారు, వెండి తీగలు కలిపి నేసిన ఖరీదైన బట్టకు పేరుగా పెట్టుకున్నారు. అంటే ప్రొద్దుటూరు అంగట్లో ఆ మాట ఇంకా పుట్టింటి అర్థంలోనే ఉంది. వైద్యులూ అరటి రైతులూ వెనక వచ్చినవాళ్ళు.

బట్టల అంగట్లోని ఈ మాటను తీసుకెళ్ళి శవపరీక్ష బల్ల మీద పరిచినవాడు గ్జావియే బిషా అనే ఫ్రెంచి వైద్యుడు. 1771లో పుట్టాడు, 1802లో ముప్ఫై ఏళ్ళకే పోయాడు. పోయే ముందు ఏడాది, 1801లో, శరీర నిర్మాణం మీద ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో అతను చెప్పిన మాట ఇది: గుండె, కాలేయం, కడుపు అని అవయవాలను విడివిడిగా చూసి లాభం లేదు, అవన్నీ కొన్ని రకాల బట్టలతో కుట్టినవి, ఆ బట్టలను ముందు గుర్తుపట్టాలి. అలాంటివి 21 రకాలని లెక్క కట్టాడు. విచిత్రం ఏమంటే అతను సూక్ష్మదర్శిని ముట్టుకోలేదు. దానిమీద అతనికి నమ్మకం లేదు. ముక్క కోసి ఉడకబెట్టాడు, ఎండబెట్టాడు, నానబెట్టి కుళ్ళనిచ్చాడు, ఆమ్లంలో వేశాడు, క్షారంలో వేశాడు. ఏది సాగుతుంది, ఏది కరుగుతుంది, ఏది మొండికేస్తుంది అని చూసి రకాలు తేల్చాడు. మనవాళ్ళు పట్టు అసలుదా కాదా అని తేల్చుకోవడానికి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించడం లేదూ? వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, కాగితం కాలిన వాసన వస్తే నూలు. బిషాది అదే పద్ధతి. వైద్యుడి చదువు చదివి బట్టల వ్యాపారి పరీక్షలు చేశాడు. నాకు అతను నచ్చడానికి సగం కారణం ఇదే.

1819లో బాన్ నగరంలో మాయెర్ అనే ఆచార్యుడు ఈ చదువుకు గ్రీకు పేరు పెట్టాడు. హిస్టాలజీ. హిస్టోస్ అంటే గ్రీకులో మగ్గం. మగ్గానికి నిలబెట్టిన కొయ్య అనీ, దాని మీద నేసిన బట్ట అనీ కూడా అర్థాలు ఉన్నాయి. ఓడ తెరచాప కట్టే స్తంభాన్ని కూడా హిస్టోస్ అనేవాళ్ళు. నిలబడటం అనే క్రియ నుంచి పుట్టిన మాట ఇది. సంస్కృతంలో స్థా ధాతువు, మన స్థానం, స్థితి, స్థాణువు, అన్నీ దీని దాయాదులే. గ్రీకు మగ్గం నిజంగానే నిలబడేది. రెండు నిలువు కొయ్యల మీద అడ్డదూలం, దాని నుంచి కిందికి వేలాడే పడుగు, పడుగు బిగువుగా ఉండటానికి కింద కట్టిన మట్టి గుండ్లు. నేసే ఆడమనిషి అటూ ఇటూ నడుస్తూ నేసేది. హోమర్ కావ్యంలో భర్త కోసం ఎదురుచూస్తూ పగలు నేసి రాత్రి విప్పిన పెనెలోపీ మగ్గం అలాంటిదే.

మనది పడుకున్న మగ్గం. జమ్మలమడుగు పక్కనే మోరగుడిలో పట్టుచీరలు నేసే ఇళ్ళకు పోతే చూడొచ్చు. నేతగాడు గుంత అంచున కూర్చుని కాళ్ళు గుంతలోకి వేసుకుంటాడు. పడుగు నేలకు సమాంతరంగా ఎదురుగా సాగి ఉంటుంది. కాళ్ళతో తొక్కుడు చెక్కలు తొక్కితే పడుగులో సగం పోగులు లేస్తాయి, సగం దిగుతాయి, మధ్యలో సందు పుడుతుంది, ఆ సందులోంచి నాడె దూరిపోతుంది. గుంతలోని చెమ్మ పోగును తెగనివ్వదని పెద్దవాళ్ళు చెబుతారు. గ్రీకు నేతగత్తె నిలబడి నేసింది, మన నేతగాడు నేలలోకి దిగి నేస్తాడు. ఒకవేళ ఈ శాస్త్రానికి పేరు పెట్టే పని మోరగుడికి వచ్చి ఉంటే, ఆ పేరులో నిలబడటం ఉండేది కాదు, గుంత ఉండేది.

మగ్గం దగ్గర ఇంకాసేపు నిలబడాలి, ఎందుకంటే జీవశాస్త్రం ఆ ఇంట్లోంచి ఎత్తుకుపోయింది ఒక్క హిస్టోస్ కాదు. మిటోస్ అంటే గ్రీకులో పడుగు పోగు, పడుగును పైకెత్తే దారపు ఉచ్చు కూడా. 1882లో వాల్టర్ ఫ్లెమింగ్ కణం రెండుగా చీలే వేళ లోపల పోగుల్లాంటివి బారులు తీరడం చూసి ఆ ప్రక్రియకు మైటోసిస్ అని పేరు పెట్టాడు. 1898లో కార్ల్ బెండా కణంలో పోగుల్లాగానూ గింజల్లాగానూ కనిపించే తునకలను చూసి మైటోకాండ్రియా అన్నాడు. మిటోస్ పోగు, కాండ్రోస్ గింజ. నూక, రవ్వ అని కూడా అనొచ్చు. బూజు తీగలను హైఫా అంటారు, గ్రీకులో నేత అని అర్థం. దాని ధాతువే సంస్కృతంలో సాలెపురుగుకు ఊర్ణవాభి అనే పేరు ఇచ్చింది. పువ్వులోని కేసరాన్ని స్టేమెన్ అంటారు. అది లాటిన్ మాట, అర్థం మళ్ళీ పడుగు పోగే. పదో తరగతి పిల్లలు ఈ మాటలన్నీ విడివిడిగా బట్టీ పట్టి, విడివిడిగా మరచిపోతారు. ఆ పిల్లల్లో కొందరి ఇళ్ళలో మగ్గం ఆడుతూనే ఉంటుంది.

మగ్గం మీది నూలు పోగును ఒకసారి పురి విప్పి చూడండి. ఇక్కడ అసలైన పనితనం ఉంది, మనిషిది కాదు. రేగడి నేలలో కాసిన పత్తి కాయ పగిలి తెల్లగా విచ్చుకుంటే మనం దూది అంటాం. వృక్షశాస్త్రం దాన్ని విత్తనం మీది వెంట్రుక అంటుంది. విత్తనపు పైపొరలో ఉన్న కణాల్లో కొన్ని, పువ్వు విచ్చిన రోజునే బయటికి పొడుచుకు రావడం మొదలుపెడతాయి. పక్క కణాలతో చేతులు కలపవు, చీలవు, కొత్త కణాలను పుట్టించవు. ఒక్కో కణం తానొక్కటే పొడుగ్గా సాగుతుంది. దాదాపు మూడు వారాలు సాగి, రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల పొడవుకు చేరుతుంది. మందం మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మన ఒంట్లో మామూలు కణాన్ని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. పత్తి కణాన్ని వేలితో పట్టుకుని లాగవచ్చు.

సాగడం ఆగాక రెండో అంకం. కణం లోపలి గోడ మీద సెల్యులోజ్‌ను పొర మీద పొరగా పూయడం మొదలుపెడుతుంది. ఆ పొరల్లోని సన్నని పోగులు నేరుగా ఉండవు, గొట్టం చుట్టూ మెలికలుగా తిరుగుతాయి, అక్కడక్కడా దిశ మార్చుకుంటాయి కూడా. కాయ పగిలి ఎండ తగిలేసరికి లోపలి ద్రవం ఆరిపోతుంది, గుండ్రటి గొట్టం చప్పబడి రిబ్బనులా మారుతుంది. మెలికల గోడ ఉంది కనక ఆ రిబ్బను తనంతట తాను పురి తిరుగుతుంది. ఈ పురి లేకపోతే రాట్నం ఎంత తిప్పినా నూలు నిలవదు. పోగు పోగును పట్టుకునేది ఆ మెలికలతోనే. అవ్వ రాట్నం ముందు కూర్చోక ముందే సగం వడకడం చెట్టు మీద అయిపోయి ఉంటుంది. పట్టు సంగతి వేరు. అది కణం కాదు, పురుగు గ్రంథిలోంచి వచ్చి గట్టిపడిన ద్రవం. దాన్ని మెచ్చుకోవడానికి మరో వ్యాసం కావాలి.

ఇప్పుడు పులివెందుల. ఆ చుట్టుపక్కల చీనీ తోటలు, వాటి పక్కన డ్రిప్పు పైపుల మీద వరసగా అరటి. వెనకటి రైతు పిలక తవ్వి నాటేవాడు. ఇప్పుడు ఎక్కువమంది నాటేది టిష్యూ మొక్క, గ్రాండ్ నైన్ రకం. అందుకే జీ-నైన్. పిలకలు ఒకటి ముందు ఒకటి వెనకగా పూస్తాయి, టిష్యూ మొక్కలు దాదాపు ఒకేసారి గెల వేస్తాయి. లారీ ఒకేసారి నింపుకోవచ్చు. ఒక రైతును టిష్యూ అంటే ఏందన్నా అని అడిగితే, "యాడో గాజు సీసాలో పెంచినారంట, పిలక ఎరగని మొక్క" అన్నాడు. ఇంతకంటే మంచి నిర్వచనం నేను పాఠ్యపుస్తకంలో చూడలేదు. అరటి దుంప నడినెత్తిన, పుట్టబోయే ఆకుల ముడుపు మధ్యలో, కణాలు నిత్యం చీలుతూ ఉండే మొన ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల ముక్క. దాన్ని కోసి, క్రిములు లేకుండా కడిగి, చక్కెరా లవణాలూ హార్మోన్లూ కలిపిన మేతమీద పెడితే అది మొగ్గ మీద మొగ్గ వేస్తుంది. విడదీసి మళ్ళీ పెడితే మళ్ళీ వేస్తుంది. ఆ మేత వంటకం ఎక్కువచోట్ల 1962లో మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు రాసిపెట్టినదే.

ఆ మొనకు మెరిస్టెమ్ అని పేరు. 1858లో కార్ల్ నేగెలి పెట్టాడు. గ్రీకులో పంచడం, వాటాలు వేయడం అనే క్రియ నుంచి. మన పుస్తకాల్లో విభాజ్య కణజాలం. రెండూ సరైన పేర్లే కానీ గ్రీకులోని వాటాల వాసన నాకు ఇష్టం. అన్నదమ్ములు ఎంత పంచుకున్నా తరగని ఆస్తి ఇదొక్కటే. అదే ఏడాది అతనే జైలెమ్, ఫ్లోయమ్ అనే పేర్లూ పెట్టాడు. జైలాన్ అంటే కొయ్య, ఫ్లోయోస్ అంటే బెరడు. ఒక్కడు, ఒక్క ఏడాది, మూడు పేర్లు. నూట అరవై ఏళ్ళు దాటినా ఒక్కటీ అరగలేదు.

ఒక అరటి ఆకును కాడతో సహా కోసి, కాడను అడ్డంగా కత్తిరించండి. లోపల గట్టి గుజ్జు ఉండదు. తేనెతుట్టెలాగా గదులు, గదుల నిండా గాలి. పై అట్టకూ కింది అట్టకూ మధ్య నిలువు గోడలు, గోడల మధ్య సొరంగాలు. ఒక సొరంగాన్ని నిలువునా చీల్చి వెలుతురుకు పెట్టి చూస్తే, కొద్ది కొద్ది దూరంలో పలచటి అడ్డతెరలు కనిపిస్తాయి. సూక్ష్మదర్శిని కింద ఆ తెర ఒక అద్భుతం. నక్షత్రాల్లాంటి కణాలు, ఒక్కో నక్షత్రం చేతులు చాచి పక్క నక్షత్రాల చేతులు పట్టుకుని ఉంటుంది. మధ్య ఖాళీల్లోంచి గాలి పోతుంది, తెర మాత్రం కాడను నొక్కుకుపోకుండా నిలబెడుతుంది. ఇంత పెద్ద ఆకును, ఇంత బరువు గెలను మోసే చెట్టులో ఎక్కడా కొయ్య లేదు. మానుగా కనిపించేది మాను కాదు, ఒకదానిలో ఒకటి ఇమిడిన ఆకు పట్టల చుట్ట. పట్ట బయటి ముఖం దగ్గర నార కట్టలు దట్టంగా ఉంటాయి, లోపలంతా గాలి. ఉక్కు తక్కువ పెట్టి బలం ఎక్కువ తీసుకునే ఇంజనీరు పద్ధతి. అయినా ఎండాకాలం సాయంత్రం ఒక్క గాలివాన వస్తే ఎకరాలకు ఎకరాలు నేలమట్టమవుతాయి. ఈ ఇంజనీరు లెక్కల్లో సుడిగాలి లేదు.

గాలి గదుల ఈ కణజాలానికి ఏరెన్‌కైమా అని పేరు. ఏర్ అంటే గాలి. నీళ్ళలో, బురదలో నిలబడే మొక్కలకు ఇది ప్రాణాధారం. ఆకు తీసుకున్న గాలి ఈ సొరంగాల్లోంచి ఊపిరాడని వేళ్ళ దాకా దిగుతుంది. జమ్ము ఆకును చీల్చి చూసినా ఇవే గదులు. జమ్ము పెరిగిన మడుగు కనకే జమ్మలమడుగు అయ్యిందని ఒక మాట ఉంది. ఆ మాట నిజమైతే, ఒక కణజాలాన్ని తన పేరులో మోస్తున్న ఊరు అదొక్కటే అయి ఉంటుంది.

అరటి కాడను కోయకుండా విరిచి, రెండు ముక్కలను మెల్లగా దూరంగా లాగితే, మధ్యలో సాలీడు దారాల్లాంటి సన్నని పోగులు సాగుతాయి. తామర తూడును విరిచినా అంతే. ఆ పోగులు నీటి గొట్టాల లోపలి గోడకు చుట్టిన స్ప్రింగులు. గొట్టం నొక్కుకుపోకుండా లోపల చుట్ట తీగ వేసినట్టు మొక్క వేసుకుంటుంది. మనం లాగితే చుట్ట విప్పుకుని దారమవుతుంది. పదిహేడో శతాబ్దంలో ఇటలీలో మాల్పీగీ, ఇంగ్లండులో నెహెమియా గ్రూ, ఇద్దరూ దీన్ని చూసి మురిసిపోయారు. మాల్పీగీ పట్టుపురుగు కడుపు కోసి చూసినవాడు, పురుగు ఊపిరి గొట్టాల్లో అచ్చం ఇలాంటి చుట్టలే చూశాడు. కనక మొక్కల్లోవి కూడా ఊపిరి గొట్టాలే అనుకుని వాటినీ ట్రేకియాలు అన్నాడు. అవి మోసేది గాలిని కాదు, నీళ్ళను. తప్పు తెలిశాక కూడా పేరు పోలేదు. ట్రేకీడు అనే మాటలో ఆ తప్పు ఈనాటికీ ఉంది. గ్రూ మాత్రం తన 1682 నాటి పుస్తకంలో మొక్క ఒళ్ళంతటినీ ఆడవాళ్ళు దిండు మీద గుండుసూదులు గుచ్చి అల్లే లేసుతో పోల్చాడు. మెత్తటి భాగానికి పేరెన్‌కైమా అనే మాటను మొక్కల్లోకి తెచ్చింది కూడా అతనే.

ఆ మాట అప్పటికే పండు ముసలిది, అదీ తప్పులోంచి పుట్టిందే. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఎరాసిస్ట్రాటస్ అనే వైద్యుడు, కాలేయం లాంటి అవయవాల్లో నాళాల మధ్య ఉన్న ముద్దను చూసి, నాళాల్లోంచి నెత్తురు పక్కకు పోసుకుని గడ్డకట్టినదే అది అనుకున్నాడు. పక్కన లోపల పోసినది, పేరెన్‌కైమా. పోయడం అనే ఆ గ్రీకు ధాతువుకు సంస్కృతంలో దాయాది ఉంది, హోమం చేయడం. హోమంలో పోసేది ఆహుతి. ఆహుతీ పేరెన్‌కైమా ఒక ఇంటి పిల్లలంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. ఈ ఒక్క మాటకు తోక పట్టుకుని మిగతావన్నీ పుట్టాయి. కోల్లా అంటే బంక, 1839లో ష్లైడెన్ కాలెన్‌కైమా అన్నాడు. స్క్లీరోస్ అంటే గట్టి, అది స్క్లీరెన్‌కైమా. ఇక్కడ ఏదీ ఎక్కడా పోసినది కాదు. తోక మాత్రం మిగిలింది.

తెలుగులో ఈ పేర్లకు మాటలు కట్టినవాళ్ళ పని కూడా చూడాలి. 1968లో తెలుగు అకాడమీ పుట్టి కళాశాల చదువుకు తెలుగు పుస్తకాలు వేయడం మొదలుపెట్టాక స్థిరపడ్డ మాటలు ఇవి. పేరెన్‌కైమా మృదు కణజాలం, స్క్లీరెన్‌కైమా దృఢ కణజాలం. కాలెన్‌కైమాకు వచ్చేసరికి గ్రీకు బంకను పక్కన పెట్టి, సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టి చూసి పెట్టారు: స్థూలకోణ కణజాలం. మూలలు మందంగా ఉండే కణాలు. విద్యార్థి గాజుపలక మీద గుర్తుపట్టేది ఆ మూలలతోనే కనక గ్రీకు పేరు కంటే ఇదే మేలైన పేరు. జైలెమ్‌కు దారువు కూడా మేలైనదే. గ్రీకులో చెట్టును డెండ్రాన్ అంటారు, అది మన దారువుకు చుట్టం. మెదడు కణానికి కొమ్మల్లా పుట్టే డెండ్రైటుకూ, కిటికీకి వేసిన కొయ్యకూ ఆ లెక్కన ఒకటే వంశం. ఫ్లోయమ్‌కు పోషక కణజాలం అన్నారు. ఇది నాకు నచ్చదు. బెరడు పోయి అన్నం మిగిలింది. పని చెప్పే పేరు కంటే చోటు చెప్పే పేరు మనసులో నిలుస్తుంది. పిత్‌కు దవ్వ అన్నారు చూడండి, అది పెట్టిన చెయ్యి వంటింట్లోంచి వచ్చిన చెయ్యి. అరటి దవ్వ కూర తిన్నవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

అన్నింటికంటే పెద్ద ఎంపిక కణజాలం. హిందీవాళ్ళు ఊతక్ అన్నారు. ఊత అంటే నేసినది, మన ఓతప్రోతంలో ఉన్న ఊతే అది. ఈళం తమిళంలో ఇళైయం అంటారు, ఇళై అంటే నూలు పోగు. కన్నడంలో అంగాంశ, అవయవంలో భాగం. మనవాళ్ళు మాత్రం మగ్గాన్ని వదిలేసి వల పట్టుకున్నారు. జాలం అంటే వల. నేత వేరు, వల వేరు. నేతలో పడుగూ పేకా దాటుకుంటాయి, సందు ఉండకూడదు. వలలో ముళ్ళు ముఖ్యం, సందులే దాని పని. ఎవరిది సరైన పోలిక?

చాలాకాలం నాకు ఊతకమే సరైనదనిపించేది. అరటి కాడలోని నక్షత్రాల తెర చూశాక అభిప్రాయం మారింది. అది నేత కాదు, ముమ్మాటికీ వలే. శనక్కాయ పొట్టు మీద గళ్ళు గళ్ళుగా ఉబికిన గీతలు కూడా వలే. మొక్కల్లో కణాలు ఒకదాన్ని ఒకటి దాటుకోవు, ఇటుకల్లా గోడకు గోడ అంటించుకుని ఉంటాయి. నేత కావాలంటే జంతువుల దగ్గరికి పోవాలి.

ఆదివారం పొద్దున కూర అంగడి ముందు నిలబడితే బిషా చెప్పిన రకాల్లో చాలావాటికి తెలుగు పేర్లు కొట్టే కత్తి చప్పుడులో వినిపిస్తాయి. కండ, కొవ్వు, నరం, బొక్క, నల్లి, మూలుగ. పొట్టేలు తోలును తిరగేసి చూస్తే లోపలి పొర, గ్రీకులో డెర్మా. చీల్చడం, ఒలవడం అనే క్రియ నుంచి పుట్టిన మాట, కత్తి పట్టినవాడు పెట్టిన పేరు. ఆ పొరలోనే అసలు నేత ఉంది. కొల్లాజెన్ పోగులు కట్టలు కట్టలుగా ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ అన్ని దిక్కులా దాటుకుంటూ బుట్ట అల్లినట్టు ఉంటాయి. చెప్పు తోలు ఏ పక్కకు లాగినా చిరగకపోవడానికి అదే కారణం. కొల్లాజెన్ అంటే బంక పుట్టించేది. ఎముకలూ తోళ్ళూ ఉడికిస్తే బంక వస్తుంది కనక ఆ పేరు. నమ్మకం లేకపోతే కాళ్ళ పులుసు తాగి పెదవులు మూసి తెరవండి. అతుక్కుంటాయి.

ఎముక చివర తెల్లగా మెరిసే, నమిలితే కరకరలాడే ముక్క మృదులాస్థి. గ్రీకులో దాన్ని కూడా కాండ్రోస్ అనే అన్నారు, నూకకూ దీనికీ ఒకటే పేరు. పంటి కింద రెండూ ఒకేలా పలుకుతాయనేమో. ఎముకకు ఆస్టియాన్, మన అస్థికి తోబుట్టువు. కండకు మూస్. అసలు అర్థం ఎలుక, మన మూషికమే. చెయ్యి మడిస్తే చర్మం కింద ఉరికే ముద్దను చూసి ఎవరో నవ్వుతూ పెట్టిన పేరై ఉంటుంది. ఇక నరం. మన ఊళ్ళలో నరం పట్టేసిందంటే కండర బంధమో, నరం తెగిందంటే రక్తనాళమో, నరాల బలహీనత అంటే నాడీ మండలమో, అన్నీ ఒక్క మాటలోనే. తమిళంలో నరంబు అంటే వీణ తీగ కూడా. డాక్టర్లు దీన్ని చూసి విసుక్కుంటారు. గ్రీకుల న్యూరాన్ కూడా మొదట ఇంతే: కండ చివరి తాడు, వింటి నారి, తీగ. అలెగ్జాండ్రియాలో కోసి చూసిన వైద్యులు వచ్చాకనే అందులోంచి నాడులు వేరు పడ్డాయి. మన స్నాయువు ఆ న్యూరాన్‌కు చుట్టం. కాబట్టి మోకాలు పట్టుకుని నరం అంటున్న అవ్వను తప్పు పట్టడం దేనికి? రెండు వేల మూడొందల ఏళ్ళ కిందటి గ్రీకు పండితుడి పక్కన కూర్చుని ఉందామె.

అన్నింటిలోకీ తమాషా పేరు ఎపిథీలియం, మన ఉపకళ. లోపలా బయటా ఒంటిని కప్పే ప్రతి పొరా ఇదే: బుగ్గ లోపలిది, పేగు లోపలిది, ఊపిరితిత్తుల అరల లోపలిది. థీలే అంటే చనుమొన. 1703 ప్రాంతంలో రూయిష్ అనే డచ్చి శరీర శాస్త్రజ్ఞుడు పెదవి మీద చనుమొనల్లా ఉబికిన చిన్న బొడిపెలను కప్పే పలచటి పొరకు చనుమొన మీదిది అని పేరు పెట్టాడు. అంతే. ఆ చిన్న చోటుకు కుట్టిన చొక్కాను ఒళ్ళంతటికీ తొడిగారు, అది ఎక్కడా చిరగకుండా సరిపోయింది.

మొక్క వేరును అడ్డంగా కోస్తే నడుమ నీటి గొట్టాలూ ఆహారపు గొట్టాలూ కలిసి ఒక స్తంభంలా నిలుస్తాయి. 1886లో ఫ్రెంచివాళ్ళు దాన్ని స్టీల్ అన్నారు. లోహం కాదు, గ్రీకులో స్టీలే, శాసనం చెక్కి నిలబెట్టిన రాయి. ప్రొద్దుటూరుకు దగ్గర్లో, ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో గుడి ఆవరణలో అలాంటి రాయే ఉంది. రేనాటి చోళుడు ధనంజయుడు సుమారు 575లో వేయించింది, తెలుగులో దొరికిన మొదటి శాసనాల్లో ఒకటి. వేరు కోసిన గాజుపలకను చూసే ప్రతిసారీ నాకు ఆ రాయి గుర్తుకొస్తుంది. పోలిక పట్టుబట్టి తెచ్చినది కాదు, పేరులో ముందే ఉంది.

జమ్మలమడుగు వరండాలో పెద్దమ్మ చెప్పిన టిష్యూ కడపకు పోయాక ఏమవుతుందో చెప్పి ఆపుతాను. ఆ ముక్కను మైనంలో పోతపోసి, కాగితం కంటే పలచగా చెక్కి, గాజుపలక మీద అంటిస్తారు. అప్పుడది దాదాపు రంగులేనిది, ఏమీ కనిపించదు. రంగు వేయాలి. వేసే రంగులు రెండు. మొదటిది హీమటాక్సిలిన్. మెక్సికో ప్రాంతపు ఒక చెట్టు చేవలోంచి తీసేది, యూరప్ అద్దకపువాళ్ళు బట్టలకు వాడిందే. పేరులో నెత్తురూ కొయ్యా ఉన్నాయి, హీమా, జైలాన్. ఈ రంగు ఒంటరిగా పట్టదు. 1865లో బోమర్ అనే అతను దానికి పటిక కలిపాడు, అప్పుడు పట్టింది. మన అద్దకపువాళ్ళు చిరివేరు ఎరుపు బట్టకు పట్టడానికి పటిక నీళ్ళలో ముంచేవాళ్ళు, కిటుకు అదే. రెండోది ఇయోసిన్. 1870ల్లో పట్టుకూ ఉన్నికీ వేసే గులాబీ రంగుగా కర్మాగారంలోంచి వచ్చింది. ఇయోస్ అంటే గ్రీకులో తెల్లవారుజాము, మన ఉషస్సే.

పటిక పట్టిన మొదటి రంగు ప్రతి కణం నడుమ ఉన్న కేంద్రకాన్ని ఉదా రంగులోకి దింపుతుంది. మిగతాదంతా తెల్లవారుజాము రంగు. కడపలో ఎవరో ఒక డాక్టరు దాన్ని కటకం కింద పెట్టి, చేత్తో మరను అటూ ఇటూ తిప్పి, గులాబీ బట్ట మీద ఉదా చుక్కలు వరసలో ఉన్నాయా, వరస తప్పాయా అని చూస్తాడు. ఎల్లుండి పెద్దమ్మకు చెప్పేది అదే.